చలి రాని ఏడు

జనవరి పదమూడు. ఫ్రాంకోఫోంతె తోటలో
మా మేనమామ నుంజియో
ఒక నారింజను అడ్డంగా కోసి
మాట్లాడకుండా నా ముందుకు చాపాడు.
లోపల పసుపు. వట్టి పసుపు.
తొన అంచున ఒకే ఒక్క ఎర్రగీత,
ఎవరో అక్షరం దిద్దుతూ
మధ్యలో లేచిపోయినట్టు.

ఈసారి ఎత్నా నెత్తిన మంచు పల్చన.
రాత్రుళ్ళు దుప్పటి అక్కర్లేదు.
ఊరికి హాయి.
రక్తనారింజకు మాత్రం
చలి లేకపోతే సిగ్గు రాదు.

"చదువుకున్నదానివి కదా రుసాలియా, చెప్పు.
జబ్బు చెట్టుకా, మట్టికా?"

పదకొండేళ్ళుగా ఆచిరెయాలె ప్రయోగశాలలో
తొనలు నూరి, రసం వడకట్టి
గాజుగొట్టాల్లో ఎరుపును కొలిచేదాన్ని.
ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా
గోళ్ళ సందుల్లో అదే రంగు.
అయినా ఆయన చేతిలో కత్తి చూస్తుంటే
చదివిందంతా గొంతులో ముద్దకట్టింది.

రంగు పూసేది కాదు మామా, వండేది.
ఫినైల్‌అలనిన్ అని చిటికెడు ముడిసరుకు.
ఒక ఎంజైము దాని అమ్మోనియా తోక తుంచుతుంది,
ఇంకొకటి మూడు ముక్కలు తెచ్చి అతికిస్తుంది,
వేరొకటి ఉంగరం చుడుతుంది,
ఆక్సిజన్ తగిలించేవి కొన్ని, ఊడబెరికేవి కొన్ని.
చివరిది చక్కెర బొట్టు పెట్టి
అత్తారింటికి సాగనంపుతుంది.
ఆ చివరి గడప దగ్గరే ఎరుపు.
అంతవరకూ వంటింట్లో దాని జాడే ఉండదు.

ఈ వంటవాళ్ళ పేర్లు
మామూలు నారింజ జాతకంలోనూ ఉన్నాయి.
పొయ్యి వెలిగించమని కేకేసే మేస్త్రీ
అక్కడ మొద్దునిద్రలో ఉంటాడు, అంతే.
మన కాయలో కథ వేరు:
మన తాతలకు తాతలు పుట్టకముందెప్పుడో
ఒక తిరుగుబోతు డి.ఎన్.ఏ. ముక్క
పిలవని పేరంటానికొచ్చి
ఆ మేస్త్రీ జన్యువు గుమ్మం ముందే కూలబడింది.
మళ్ళీ పోలేదు.
చలి కరిస్తే ఉలిక్కిపడుతుంది,
దాని ఉలికిపాటుకి మేస్త్రీ లేస్తాడు,
మేస్త్రీ కేకకి పొయ్యిలన్నీ రాజుకుంటాయి.
నీ ట్రాక్టరు బాకీ, ఆ రేకుల షెడ్డు, నా కాలేజీ ఫీజు
అన్నీ ఆ తిష్టవేసినవాడి వణుకు మీదే నడిచాయి మామా.

నుంజియో ఒక తొన నోట్లో వేసుకున్నాడు.
"తియ్యగానే ఉంది," అన్నాడు,
ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.
"వర్తకుడు తినడు కదా. కోసి చూస్తాడు.
పసుపు కనబడితే సగం ధర."
కత్తి ప్యాంటుకి తుడుచుకుని
కొంచెంసేపు నేల చూశాడు.
"మరి నీ వంటవాళ్ళకి
చెట్టు ఉండి తీరాలా?"

అక్కర్లేదు.
తెగిన కాయకి తెగినట్టు
చాలా రోజుల దాకా తెలియదు.

ఆ సాయంత్రమే జున్ను వర్తకుడు ఇలూమినాతో
గిడ్డంగిలో ఒక మూల అద్దెకు తీసుకున్నాడు.
నలభై పెట్టెలు. ఎనిమిది డిగ్రీలు.
గొర్రెపాల జున్ను వాసన పడుతుందని
అత్త మూడురోజులు మాట్లాడలేదు.

ఇరవయ్యో నాడు తలుపు తెరిచాం.
చీకట్లో, ఎండ లేక, కొమ్మ లేక,
చూసే కన్నొకటైనా లేక
అవి ఎర్రబడ్డాయి.
అన్నీ కాదు. కొన్నిటికి
ఒక చెంపే. కొన్ని అసలు వినలేదు.
ఒకదాని నిండా మాత్రం
మోకాలు చెక్కుకుపోయిన పిల్లాడిలా
ఎక్కడ చూస్తే అక్కడ ఎరుపు.

నుంజియో లెక్కపెట్టాడు, రెండుసార్లు.
పద్దెనిమిది పెట్టెలు అమ్ముకోవచ్చు.
"వచ్చే ఏడు?" అన్నాడు.
మాటతోపాటు నోట్లోంచి పొగ.

రెండు స్వెట్టర్లు తొడుక్కున్నా
ఆయన ముక్కు కందిపోయి ఉంది.
దానికీ ఒక లెక్కుంది గాని
అది వేరే వంట.